గాలిలో వేళ్లు, ఇంట్లో గోంగూర: దోహా ఫ్లాట్‌లో ఏరోపోనిక్స్

"నేల లేకుండా గోంగూర ఎలా పెంచుతున్నారండీ?" అని మన సంఘం పిక్నిక్‌లో కలిసినవాళ్లంతా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ పనికొచ్చేలా ఒకచోట రాస్తే మంచిదనిపించింది. అయితే మొక్కల కంటే ముందు, మా ఇంటి తలుపు చప్పుడైన ఒక శుక్రవారం గురించి చెప్పాలి.

అది సెప్టెంబరు నెల. సెలవు రోజు కదా అని ఆలస్యంగా లేచాను. కాఫీ ఇంకా తాగలేదు. తలుపు తీస్తే మా బిల్డింగ్ నాతూర్ నిలబడి ఉన్నాడు. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పెద్దమనిషి, ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవాడు, ఆ రోజు నవ్వలేదు. "సార్, రాత్రిళ్లు మీ కిటికీలోంచి ఊదారంగు వెలుతురు వస్తోంది. ఏసీ బాగుచేయడానికి వచ్చినవాడు మీ గదిలో మొక్కలు చూశాడట. ఆ ఆకు మంచిది కాదంటున్నాడు. ఓనరుకి తెలిస్తే ముందు నా ఉద్యోగం పోతుంది" అన్నాడు హిందీలో, గొంతు తగ్గించి.

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. వెనక్కి తిరిగి నా గది వైపు అతని కళ్లతో చూశాను. వేసి ఉన్న కర్టెన్లు, ఊదారంగు ఎల్.ఇ.డి. లైటు, పావుగంటకోసారి గురగురమనే పంపు, ఐదు వేళ్ల చేతిలా చీలి రంపపు అంచులున్న ఆకులు. ఏ తప్పూ చేయకపోయినా నుదుటి మీద చెమట పట్టింది. ఈ దేశంలో అలాంటి అనుమానం ఎంత దూరం పోగలదో ఇక్కడ ఉద్యోగం చేసే ప్రతివాడికీ తెలుసు.

కింద కెఫెటీరియాలో టీ చేసే జగిత్యాల తమ్ముడు గుర్తొచ్చి పైకి పిలిచాను. వచ్చీ రాగానే, "గిది పుంటికూర గదన్నా! మా అమ్మ పప్పుల ఏస్తది" అంటూ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి నాతూర్ చేతిలో పెట్టాడు. ఆయన సందేహంగా నమిలాడు, పులుపుకి కన్ను మూసుకున్నాడు, ఆ తర్వాత ముఖమంతా విప్పారింది. "మేస్తా! మా ఊళ్లో కూడా ఉంది సార్!" అన్నాడు.

అలా ఆ రోజు గడిచింది. కానీ ఆ తర్వాత నేను మొక్కల గురించి, చట్టం గురించి కాస్త శ్రద్ధగా చదువుకున్నాను. ఆ రెండూ ఈ వ్యాసంలో ఉన్నాయి.

ఏరోపోనిక్స్ అంటే ఏమిటి?

మట్టిలో పెంచడం మనకు తెలిసిందే. పోషకాలు కలిపిన నీళ్లలో వేళ్లు మునిగేలా పెంచితే అది హైడ్రోపోనిక్స్. ఏరోపోనిక్స్‌లో వేళ్లు మట్టిలోనూ ఉండవు, నీళ్లలోనూ మునగవు. మూసి ఉన్న చీకటి తొట్టిలో గాలిలో వేలాడుతూ ఉంటాయి. వాటి మీద పోషకద్రావణాన్ని సన్నని తుంపరగా కొడుతూ ఉండాలి. వేళ్లకి నీరు, ఆహారం, ప్రాణవాయువు మూడూ ఒకేసారి దొరుకుతాయి కాబట్టి మొక్క చురుగ్గా పెరుగుతుంది.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. వేళ్లను పరీక్షించడానికి వీలుగా ఆవిరిలో మొక్కలు పెంచడం 1940లలోనే మొదలైంది. 1957లో ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త కాఫీ, టమాటా మొక్కలను ఇలా పెంచి, ఈ పద్ధతికి ఏరోపోనిక్స్ అని పేరు పెట్టారు. 1980లలో అమెరికాలో రిచర్డ్ స్టోనర్ కొమ్మలకు వేళ్లు పుట్టించే యంత్రాన్ని మార్కెట్లోకి తెచ్చారు. 1997లో నాసా మీర్ అంతరిక్ష కేంద్రంలో చిక్కుడు జాతి విత్తనాల మీద ప్రయోగం చేసింది. మన దేశంలో సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధనా సంస్థ తెగుళ్లు లేని విత్తన బంగాళాదుంపలు తీయడానికి ఇదే పద్ధతి వాడుతోంది. మట్టి తాకదు కాబట్టి మట్టి ద్వారా వచ్చే రోగాలూ రావు.

దోహాలో ఈ గొడవ ఎందుకు?

మేముండేది అల్ దోహా అల్ జదీదా. జదీదా అంటే కొత్తది అని అర్థం. పేరుకే కొత్త, ఇప్పుడు నగరంలోని పాత పేటల్లో ఇదొకటి. ఒకవైపు ముషేరిబ్, మరోవైపు ఉమ్ గువైలినా. 2019 మే నెలలో మెట్రో రెడ్ లైన్ మొదలైనప్పటి నుంచి మా పేట పేరుతో ఒక స్టేషన్ కూడా ఉంది. ఇరుకు సందులు, పక్కపక్కనే బిల్డింగులు. ఇంటి ముందు పెరడు అన్న మాటే లేదు. ఉన్నదల్లా నాలుగడుగుల బాల్కనీ, అదీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పోగా మిగిలినంత.

ఖతార్‌లో ఏడాదికి సగటున పడే వాన సుమారు 75 మిల్లీమీటర్లు. మనం కరువు సీమ అనుకునే అనంతపురంలో పడేదానిలో ఇది ఏడో వంతు. తాగే నీరంతా సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసినదే. కూరగాయల్లో చాలా భాగం బయటి నుంచి రావాల్సిందే.

2017 జూన్ 5న సౌదీ, యు.ఎ.ఇ., బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నప్పుడు ఈ సంగతి అందరికీ అర్థమైంది. అబూ సమ్రా సరిహద్దు మూసేశారు. సరుకు లారీలు ఆగిపోయాయి. ఆ సాయంత్రం సూపర్ మార్కెట్లో పాలు, కోళ్ల అరలు ఖాళీ అవుతుంటే నేను చేతిలో బుట్టతో నిలబడి చూశాను. కొద్ది రోజుల్లోనే తుర్కియే, ఇరాన్‌ల నుంచి సరుకు వచ్చింది, ఆకలి అన్న ప్రశ్నే రాలేదు. ఆవులనే విమానాల్లో తెప్పించి పాడి పరిశ్రమ పెంచారు. 2021 జనవరిలో సరిహద్దులు తెరుచుకున్నాయి. కానీ ఆ మూడున్నరేళ్లలో ఇక్కడే పండించాలన్న పట్టుదల దేశమంతటా పెరిగింది. 2023 అక్టోబరు నుంచి 2024 మార్చి దాకా అల్ బిద్దా పార్కులో జరిగిన అంతర్జాతీయ ఉద్యానవన ఎక్స్‌పోకి ఎంచుకున్న అంశం కూడా ఎడారిని పచ్చగా చేయడమే. నేను ఈ తొట్టి కట్టాలని అనుకున్నది అక్కడి ప్రదర్శనలు చూశాకే.

మూడు రకాలు

1. తక్కువ ఒత్తిడి పద్ధతి: తొట్టి అడుగున చిన్న నీటి పంపు, దానికి ప్లాస్టిక్ గొట్టం, గొట్టానికి చిన్న చిన్న స్ప్రింక్లర్లు. చుక్కలు కాస్త పెద్దవిగా పడతాయి. ఖర్చు తక్కువ, బాగుచేసుకోవడం తేలిక. నిలువుగా స్తంభంలా ఉండి బజారులో దొరికే తయారు టవర్లు కూడా ఈ కోవలోవే. ఇంటికి ఇదే సరైనది.

2. ఎక్కువ ఒత్తిడి పద్ధతి: నీటిని చదరపు అంగుళానికి 80 పౌండ్లు, ఆపైన ఒత్తిడితో సన్నని నాజిల్ గుండా పంపిస్తారు. చుక్క సైజు సుమారు 50 మైక్రాన్లు. కొన్ని సెకన్లు తుంపర, కొన్ని నిమిషాలు విరామం. మొక్క అద్భుతంగా పెరుగుతుంది, కానీ నాజిల్ పూడుకుపోతే అన్నీ ఆగిపోతాయి. ఫిల్టర్లు, ప్రెషర్ ట్యాంకు, సోలనాయిడ్ వాల్వు కావాలి.

3. పొగమంచు పద్ధతి: అల్ట్రాసోనిక్ పరికరం నీటిని 5 మైక్రాన్ల పొగమంచులా చేస్తుంది. చూడటానికి భలే ఉంటుంది. అయితే ఆ పరికరం నీటిని వేడెక్కిస్తుంది, దాని మీద లవణాలు పేరుకుంటాయి. మన వాతావరణానికి పనికిరాదని నా అనుభవం.

నేను కట్టుకున్న తొట్టి

60 లీటర్ల ముదురురంగు ప్లాస్టిక్ పెట్టె, బిగుతైన మూత. మూతకి రెండంగుళాల రంధ్రాలు 12. ఒక్కో రంధ్రంలో చిన్న ప్లాస్టిక్ జాలీ కప్పు, కొమ్మ నిలబడటానికి స్పాంజి ముక్క. అడుగున 20 లీటర్ల ద్రావణం, అందులో అక్వేరియం దుకాణంలో కొన్న పంపు. పైన స్ప్రింక్లర్లు ఆరు. పావుగంట నడిచి పావుగంట ఆగేలా టైమర్. పైన 100 వాట్ల ఎల్.ఇ.డి. లైటు. అన్నీ కలిపి నాకు సుమారు 600 రియాళ్లు అయింది. తయారు టవరు కొంటే ఇంకా చాలా ఎక్కువ అవుతుంది.

రెండు సంగతులు మరిచిపోకండి. మొదటిది, పెట్టెలోకి వెలుతురు అసలు పోకూడదు. పోతే నాచు పడుతుంది, మొక్కకి వేసిన ఎరువు నాచు తింటుంది. సందేహముంటే పెట్టె చుట్టూ అల్యూమినియం టేపు అతికించండి. రెండోది, నీరూ కరెంటూ ఒకేచోట ఉన్నాయి. ప్లగ్గు ఎప్పుడూ నీటి మట్టానికి పైన ఉండాలి. వైరు ప్లగ్గులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది. లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకరు ఉందో లేదో ముందే చూసుకోండి.

నీళ్లు, ఎరువు

ఇక్కడి కుళాయి నీరు ఉప్పు తీసినది కాబట్టి లవణాలు తక్కువ. అది మనకు మేలే. చాలామంది ఏసీ నుంచి కారే నీళ్లు వాడొచ్చా అని అడుగుతున్నారు. పూలమొక్కలకైతే సరే, తినే ఆకుకి వద్దు. ఏసీ కాయిల్ మీది లోహపు అంశాలు, దుమ్ము, బాక్టీరియా ఆ నీళ్లలో కలిసి వస్తాయి.

ఎరువు రెండు సీసాల్లో, ఎ, బి అని విడివిడిగా అమ్ముతారు. దానికి కారణముంది. ఒక సీసాలో కాల్షియం, మరోదానిలో సల్ఫేటు, ఫాస్ఫేటు ఉంటాయి. చిక్కటి ద్రావణాలను నేరుగా కలిపితే సున్నంలా గడ్డకట్టి అడుగున చేరి మొక్కకి అందదు. అందుకే తొట్టి నిండా నీళ్లు పోసి, ముందు ఎ కలిపి, బాగా తిప్పాక బి కలపాలి. ఎరువు ఇక్కడే దుకాణంలో కొనండి. ఊరి నుంచి పొడులు సూట్‌కేసులో తేవద్దు. నైట్రేట్లు విమానంలో నిషిద్ధ వస్తువుల కిందికి వస్తాయి.

కొలవడానికి రెండు చిన్న మీటర్లు కావాలి. ఒకటి ఇ.సి. మీటరు, ద్రావణం ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. ఆకుకూరలకి 1.2 నుంచి 1.8 మధ్య ఉంచితే చాలు. మిరప, టమాటాలకి 2 దాటాలి. రెండోది పి.హెచ్. మీటరు. 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. అది దాటితే తొట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు, లేత ఆకులు పసుపెక్కుతాయి. పది పన్నెండు రోజులకోసారి ద్రావణం పూర్తిగా మార్చండి.

దోహా ఎండ, తొట్టి నీరు

ఇక్కడే మనలో చాలామంది ఓడిపోతారు. నేనూ ఓడిపోయాను.

మొదటి ఏడాది జులైలో తొట్టిని బాల్కనీలోనే ఉంచేశాను. నాలుగో రోజుకి వేళ్లు తెలుపు నుంచి గోధుమరంగుకి మారాయి. వారానికి జిగురుగా, కుళ్లు వాసనతో జారిపోయాయి. పితియం అనే తెగులు అది. కారణం వేడి నీరే. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7 కూడా కరగదు. వేళ్లకేమో వేడిలో ఇంకా ఎక్కువ ప్రాణవాయువు కావాలి. తెగులుకి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు. ద్రావణం 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండటం మేలు, 25 దాటనివ్వకూడదు.

వేసవిలో మన ఇళ్లలో చన్నీళ్ల కుళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయని మీకు తెలిసిందే. మేడ మీది ట్యాంకు ఎండకి కాగిపోతుంది. గీజరు స్విచ్చి ఆపేసి, దానిలో చల్లబడ్డ నీళ్లతో స్నానం చేసే ఉపాయమే తొట్టికీ పనికొచ్చింది. ముందు రోజు రాత్రి బకెట్‌లో పట్టి ఏసీ గదిలో ఉంచి, మర్నాడు వాడుతున్నాను. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తొట్టి గదిలోనే ఉంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా బాల్కనీలో. ఆ నెలల్లో దోహా ఎండ మొక్కలకి వరం, లైటు ఖర్చే ఉండదు.

ఏం పెంచొచ్చు?

పుదీన: అన్నిటికంటే తేలిక. కొట్లో కొన్న కట్టలోంచి ముదురు కాడ తీసి, కింది ఆకులు తుంచి కప్పులో పెడితే వారంలో వేళ్లు వస్తాయి.

బచ్చలి: ఇదీ కాడతోనే వస్తుంది. తీగ పాకడానికి తాడు కట్టాలి.

గోంగూర: కట్టలో కాస్త గట్టి కాడలు ఏరి జానెడు పొడుగున కోసి పెట్టండి. పది పదిహేను రోజుల్లో వేళ్లు కనపడతాయి. ప్రతి కాడా బతకదు, పదికి ఐదారు నిలబడితే సంతోషించాలి. ఇలా చేస్తే ఊరి నుంచి విత్తనాలు తెచ్చే పనే ఉండదు. మొక్కలు, విత్తనాలు దేశంలోకి తేవడానికి క్వారంటైన్ నిబంధనలున్నాయి.

తోటకూర, మెంతికూర: విత్తనంతో స్పాంజి మీద మొలకెత్తించాలి. మెంతి మూడు వారాల్లో కోతకొస్తుంది.

మిరప, టమాటా: వస్తాయి, కానీ చోటు, వెలుతురు ఎక్కువ కావాలి. లోపల ఈగలు, తేనెటీగలు ఉండవు కాబట్టి పూలను మనమే కదిలించాలి.

కరివేపాకు: దీన్ని మాత్రం మట్టి కుండీలోనే పెంచండి. అది చెట్టు, నిదానంగా పెరుగుతుంది.

గోంగూరతో ఒక చిక్కుంది. ఇది పగటి పొడుగుని కనిపెట్టి ఉండే మొక్క. పగలు తగ్గిందంటే ఆకు మానేసి పూతకి దిగుతుంది. దోహాలో డిసెంబరు పగలు పదిన్నర గంటలే. మొదటి చలికాలంలో బాల్కనీలో మొక్కలు మోకాలెత్తు కూడా రాకుండానే మొగ్గ తొడిగాయి. ఇప్పుడు సాయంత్రం నాలుగు గంటలపాటు ఒక చిన్న బల్బు వెలిగిస్తున్నాను. మొత్తం పద్నాలుగు గంటలు దాటితే ఆకు బాగా వస్తోంది.

కరెంటు పోతే?

మట్టి మొక్క నాలుగు రోజులు నీళ్లు లేకపోయినా ఓర్చుకుంటుంది. గాలిలో వేలాడే వేరు కొన్ని గంటలు కూడా ఓర్చుకోదు. ఒకసారి నేను ఆఫీసులో ఉండగా టైమరు చెడిపోయింది. సాయంత్రం వచ్చేసరికి తొట్టంతా వాడి వేలాడుతోంది. అప్పటి నుంచి అడుగు ద్రావణం మట్టం కాస్త పెంచి, పొడవాటి వేళ్ల కొసలు అందులో మునిగేలా ఉంచుతున్నాను. శుద్ధ ఏరోపోనిక్స్ కాదని పండితులు అంటే అననివ్వండి, మొక్క బతుకుతోంది. సెలవు మీద ఇండియాకి వెళ్లేటప్పుడు తొట్టి ఖాళీ చేసి కడిగి బోర్లించి వెళ్లండి, లేదా తాళం చెవి నమ్మకమైన వాళ్లకిచ్చి వెళ్లండి.

నీళ్ల పొదుపు మాట నిజమేనా?

ఏరోపోనిక్స్‌తో నీటి వాడకం 98 శాతం దాకా, ఎరువు 60 శాతం దాకా తగ్గుతాయని నాసా ప్రచురణల్లో ఉంది. పెద్ద పొలంతో పోలిస్తే సరే. మరి మన ఇంట్లో? నా లైటు రోజుకి 16 గంటలు వెలిగితే 1.6 యూనిట్లు ఖర్చు. రివర్స్ ఆస్మోసిస్ పద్ధతిలో వెయ్యి లీటర్ల సముద్రపు నీటి నుంచి ఉప్పు తీయడానికి మూడు, నాలుగు యూనిట్లు చాలు. అంటే నా లైటు మింగే కరెంటుతో రోజుకి 400 లీటర్ల మంచినీరు తయారు చేయొచ్చు. నా 12 మొక్కలకి మట్టిలో అయినా అన్ని నీళ్లు అక్కర్లేదు. కాబట్టి వేసవిలో లైటు కింద పెంచి పర్యావరణాన్ని కాపాడుతున్నానని నేను చెప్పుకోను. చలికాలంలో ఎండలో పెంచినప్పుడు మాత్రం ఆ మాట నిజం.

గోంగూరా, గంజాయా?

ఇక అసలు విషయం. ఆ ఏసీ మెకానిక్‌ని నేను తప్పుపట్టను. గోంగూరకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే హైబిస్కస్ కన్నాబినస్, అంటే గంజాయిని పోలిన మందార. ఆకు అంత దగ్గరగా ఉంటుంది. రెండింటి కాండం నుంచీ నార తీస్తారు. మన గోగునార వచ్చేది దీని నుంచే. ఎర్రకాడ గోంగూర దీని దగ్గరి చుట్టం హైబిస్కస్ సబ్డరిఫా. దాని పూల తొడిమలతోనే అరబ్బులు కర్కదే అనే ఎర్రటి పానీయం చేస్తారు. ఇక్కడ అరబ్బు పొరుగువారికి "కర్కదే చుట్టం" అని చెబితే ఇట్టే అర్థమవుతుంది.

పోల్చుకోవడం కష్టం కాదు. గోంగూర ఆకు ఎంత చీలినా ఒకే ఆకు, కాడ దగ్గర కలిసే ఉంటుంది. గంజాయిది ఐదు, ఏడు, తొమ్మిది విడి ఆకులు ఒకే బిందువు నుంచి విసనకర్రలా వస్తాయి. గోంగూర నమిలితే పులుపు, గంజాయికి ఘాటైన వాసన. గోంగూర పువ్వు లేత పసుపు, మధ్యలో ముదురు ఎరుపు, అచ్చం బెండ పువ్వులా ఉంటుంది. బెండ, పత్తి, మందార, గోంగూర అన్నీ ఒకే కుటుంబం. ఇలాంటి పొరపాట్లు పెద్ద దేశాల్లోనూ జరిగాయి. 2014లో అమెరికాలోని జార్జియాలో ఒక పెద్దాయన పెరట్లో బెండ మొక్కల్ని హెలికాప్టర్ నుంచి చూసి గంజాయి అనుకుని పోలీసులు వచ్చారు.

అయితే అనుమానానికి మన మొక్క ఒక్కటే కారణం కాదు. ఏరోపోనిక్స్ గురించి ఇంటర్నెట్‌లో వెతికితే సగం సమాచారం గంజాయి పెంచేవాళ్ల కోసం రాసిందే. లైట్లు, గుడారాలు అమ్మేవాళ్లూ వాళ్లనే దృష్టిలో పెట్టుకుంటారు. కుర్రవాళ్లు కొందరు "ఇంట్లో ఒక మొక్కేగా, ఎవరు చూస్తారు" అనుకునే ప్రమాదం ఉంది. అందుకే స్పష్టంగా రాస్తున్నాను. ఖతార్‌లో మత్తుపదార్థాలపై 1987 నాటి 9వ నంబరు చట్టం ఉంది. పెంచినా, తెచ్చినా, దగ్గర పెట్టుకున్నా ఏళ్ల తరబడి జైలు, భారీ జరిమానా, విదేశీయులైతే ఆపై దేశ బహిష్కరణ. ఇండియాలో 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం 20వ సెక్షన్ ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. 2024 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ఒక ఫ్లాట్‌లో లైట్ల కింద గంజాయి పెంచుతున్న వ్యక్తిని పోలీసులు పట్టుకున్నారు. ఇటీవలి ఏళ్లలో బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల దగ్గర హైడ్రోపోనిక్ గంజాయి శంషాబాద్ విమానాశ్రయంలో పలుమార్లు దొరికింది.

కెనడాలో 2018 నుంచి, జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పరిమితంగా ఇంట్లో పెంచుకోవచ్చు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లోనూ అంతే. కానీ అక్కడి మిత్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. అమెరికా వీసా, గ్రీన్ కార్డు వ్యవహారాలు ఫెడరల్ చట్టం కింద నడుస్తాయి. రాష్ట్రం అనుమతించిందన్న మాట ఇమిగ్రేషన్ అధికారి ముందు చెల్లదు.

తెలియక ఇరుక్కున్నవాళ్ల సంగతి ఇంకా బాధాకరం. 2019 జులైలో ముంబయి దంపతులు బంధువు ఇచ్చిన సంచితో దోహా వచ్చి హమద్ విమానాశ్రయంలో దిగారు. అందులో నాలుగు కిలోల హషీష్ ఉంది. పదేళ్ల శిక్ష పడింది. ఇండియాలో దర్యాప్తు జరిగి, వాళ్లకి ఏమీ తెలియదని తేలి, 2021 మార్చిలో నిర్దోషులుగా బయటపడేసరికి రెండేళ్లు దాటవచ్చింది. కాబట్టి ఎవరు ఇచ్చినా మూటలు విప్పి చూడకుండా తేవద్దు. గసగసాలు యు.ఎ.ఇ., సౌదీల్లో నిషిద్ధం, గల్ఫ్‌లో ఏ దేశానికి వచ్చినా సంచిలో పెట్టకపోవడమే క్షేమం. కొడీన్ ఉన్న దగ్గుమందులు, ట్రమడాల్ మాత్రలు కూడా చిక్కు తెస్తాయి. అవసరమైతే డాక్టరు చీటీతో, ముందే అనుమతి కనుక్కుని తెచ్చుకోండి.

ఇంట్లో తొట్టి పెట్టేవాళ్లకి నా సలహాలు ఇవి. ఓనరుకి ముందే చెప్పండి. ఊదారంగు లైటు బదులు తెల్లటి ఎల్.ఇ.డి. కొనండి. మొక్కకి అదీ సరిపోతుంది, చూసేవాళ్లకి అనుమానం రాదు. కర్టెన్లు తీసి ఉంచండి. కొన్న బిల్లులు దాచుకోండి. ముఖ్యంగా, మొదటి కోత నాతూర్‌కి ఇవ్వండి.

నేను అదే చేశాను. డిసెంబరులో మొక్కలు పూత పట్టినప్పుడు బాధపడ్డానని చెప్పాను కదా. ఒకనాడు పొద్దున్న నాతూర్ బాల్కనీ కింద నిలబడి ఆ పసుపుపచ్చ పూలని వేలుపెట్టి చూపిస్తూ, పక్క బిల్డింగ్ నాతూర్‌కి ఏదో వివరిస్తున్నాడు. భాష అర్థం కాలేదు. "మేస్తా" అన్న మాట మాత్రం వినపడింది. ఇప్పుడు రెండు వారాలకోసారి గుప్పెడు ఆకు ఆయన వంటకి, గుప్పెడు జగిత్యాల తమ్ముడి పప్పులోకి, మిగిలింది మా ఇంటి పచ్చడికి. పన్నెండు మొక్కలతో సంసారం గడవదు లెండి. కానీ తలుపు చప్పుడైతే ఇప్పుడు భయం లేదు. ఆకు కోసం వచ్చి ఉంటారని తెలుసు.